మలయాళ పంచాంగంలో పండుగలు, వ్రతదినాలు దేన్నిబట్టి నిర్ణయిస్తారు?

త్రిస్సూర్ కోడలు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నాకు 2025 వేసవిలో వివాహమయింది. మా అత్తవారిది త్రిస్సూర్ దగ్గర ఒక ఊరు. పుట్టింట్లో అమ్మతోపాటు మన పంచాంగం చూసుకుంటూ ఏకాదశులు, శివరాత్రి, కార్తిక సోమవారాలు చేస్తూ పెరిగినదాన్ని కనుక ఇక్కడికి వచ్చాక కూడా ఆ అలవాటు కొనసాగించాను. ఆగస్టు 16న కృష్ణాష్టమి అని నేను ఉపవాసం ఉన్నాను గాని ఇంట్లో ఎవరికీ ఆ రోజు పండుగ లేదు. గురువాయూరులో అష్టమిరోహిణి (ఇక్కడి కృష్ణాష్టమి) సెప్టెంబరు 14న జరిగింది, మా అత్తగారు ఆ రోజు ఉపవాసం చేశారు. కారణం అడిగితే "మాకు చింగంలోనే వస్తుంది" అన్నారు. అంతకంటే వివరంగా చెబితే అందుకునేంత మలయాళం నాకు ఇంకా పట్టుబడలేదు.

అమావాస్య, పౌర్ణమి అందరికీ ఒకటే అయినప్పుడు ఒకే పండుగకు దాదాపు నెల రోజుల తేడా ఎందుకు వస్తుంది? ఓణం కూడా 2024లో సెప్టెంబరు 15న, 2025లో సెప్టెంబరు 5న వచ్చింది. గోడ మీద వేలాడే మలయాళ క్యాలెండరులో ఒక్కో గడిలో మూడు నాలుగు రకాల అంకెలు ఉంటాయి, వాటిలో వ్రతానికి ఏది చూడాలో తెలియడం లేదు. ధనుమాసంలో తిరువాతిర వస్తోంది. పెళ్లయ్యాక మొదటిది కనుక నా చేత చేయిస్తామని ఇప్పటి నుంచే అనుకుంటున్నారు. ఆ వ్రతం విధానం, ఆహార నియమాలు ముందుగా తెలుసుకుని, మనస్ఫూర్తిగా చేయాలని నా కోరిక. కేరళలో ఉంటున్నవారు, విషయం తెలిసినవారు దయచేసి చెప్పండి.

పంచాంగ పాఠకుడు (జవాబు):

నమస్కారమమ్మా. మీ అత్తగారు చెప్పిన ఆ ఒక్క మాటలోనే అసలు కారణం ఉంది. మన నెలలు చంద్రుణ్ణి బట్టి సాగుతాయి. అమావాస్య మరునాడు పాడ్యమితో నెల మొదలవుతుంది. కేరళలో నెల సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది, అంటే సూర్యుడు సింహరాశిలో ఉన్నంత కాలం చింగం, కన్యలో ఉన్నంత కాలం కన్ని, ఇలా తులాం, వృశ్చికం, ధను, మకరం, కుంభం, మీనం, మేడం, ఇడవం, మిథునం, కర్కిడకం వరకు పన్నెండు నెలలు. క్రీ.శ. 825లో మొదలైన కొల్లవర్షం ప్రకారం 2025 ఆగస్టు 17న, చింగం 1వ తేదీన, 1201వ సంవత్సరం ప్రవేశించింది. సౌరమాసాలు కనుక ఈ లెక్కలో అధికమాసం అనే మాటే రాదు.

ఇప్పుడు మీ కృష్ణాష్టమి సంగతి చూడండి. మనకు అది శ్రావణ బహుళ అష్టమి. 2025లో ఆ అష్టమి ఆగస్టు 16న వచ్చింది. ఆ రోజు కేరళలో కర్కిడకం నెలకు చివరి రోజు, చింగం మరునాడు గాని మొదలు కాలేదు. అష్టమిరోహిణికి చింగమాసంలోని కృష్ణపక్ష అష్టమి, రోహిణీ నక్షత్రం కావాలి కనుక, తరువాతి బహుళ అష్టమి అయిన సెప్టెంబరు 14 వరకు, అంటే చింగం 29 వరకు, ఆగవలసి వచ్చింది. ఒక్క రోజు అటూ ఇటూ కావడం వల్ల పండుగ ఒక చాంద్రమాసం ఆలస్యమయింది. అన్ని సంవత్సరాల్లో ఇలా ఉండదు, చాలాసార్లు రెండూ ఒకే రోజున కలుస్తాయి.

సౌరమాసం మనకు మాత్రం పూర్తిగా కొత్తది కాదు. ధనుర్మాసం, భోగి, సంక్రాంతి మనం సూర్యుణ్ణి బట్టే చేసుకుంటున్నాం. అందుకే ముక్కోటి ఏకాదశి దగ్గర తేడా రాదు. ధనుమాసంలో వచ్చే శుక్ల ఏకాదశిని ఇక్కడ స్వర్గవాతిల్ ఏకాదశి అంటారు, తిరువనంతపురం పద్మనాభస్వామి ఆలయంలో అది చాలా విశేషం. 2025లో మన ముక్కోటి, ఇక్కడి స్వర్గవాతిల్ రెండూ డిసెంబరు 30నే.

నెల తెలిశాక, ఆ నెలలో పండుగ దేన్ని పట్టుకుని వస్తుందో చూడాలి. కొన్నిటికి తేదీయే ప్రమాణం: కర్కిడకం ఒకటి నుంచి నెలాఖరు వరకు రామాయణ మాసం, మేడం 10న పత్తాముదయం, వృశ్చికం 28న నారాయణీయ దినం. కేరళలో ఎక్కువ వాటికి నక్షత్రం ప్రమాణం, మనం అలవాటు చేసుకోవలసింది ఇదే. చింగంలో తిరువోణం (మన శ్రవణం) నాడు ఓణం, తులాంలో ఆయిల్యం (ఆశ్లేష) నాడు మన్నారశాల నాగపూజ, వృశ్చికంలో కార్తిక నాడు దీపాలు, మకరంలో పూయం (పుష్యమి), కుంభంలో మకం (మఖ) నాడు చోట్టానిక్కర దర్శనం, పూరం (పుబ్బ) నాడు ఆట్టుకాల్ పొంగాల, మీనంలో భరణి నాడు కొడుంగల్లూరు, మేడంలో పూరం నాడు మీ త్రిస్సూర్ పూరం. ఏకాదశి, షష్ఠి, ప్రదోషం, శివరాత్రి, కర్కిడక అమావాస్య మనకు మాదిరే తిథిని బట్టి వస్తాయి.

ఓణం తేదీ ఎందుకు మారుతుందో ఇప్పుడు మీకే తెలుస్తుంది. నక్షత్రం సుమారు ఇరవై ఏడు రోజులకొకసారి తిరిగి వస్తుంది, సౌరమాసానికి ఇరవై తొమ్మిది నుంచి ముప్పై రెండు రోజుల వరకు ఉంటాయి. అందువల్ల అప్పుడప్పుడు ఒకే నెలలో ఒకే నక్షత్రం రెండుసార్లు పడుతుంది. 2024లో సరిగ్గా అదే జరిగింది. చింగం మొదటి రోజుల్లో, ఆగస్టు 19 ఉదయం, ఒక తిరువోణం వచ్చింది, మళ్లీ చింగం 30న, సెప్టెంబరు 15న, మరొకటి వచ్చింది. పండుగను రెండవదానికే చేశారు. ఇంట్లో పుట్టినరోజులు కూడా నక్షత్రాన్ని బట్టే చేస్తారు కనుక, నెలలో ఆ నక్షత్రం రెండుసార్లు వస్తే సాధారణంగా రెండవదాన్ని తీసుకుంటారని గుర్తుంచుకోండి.

సూర్యుడు మేషరాశిలో ప్రవేశించే వేళ చేసే విషు పండుగ విషయంలో మరొక సూక్ష్మం ఉంది. సంక్రమణం, అంటే సూర్యుడు రాశి మారడం, పగటి సమయంలో ఐదింట మూడు వంతులు, అంటే ఇంచుమించు పద్దెనిమిది నాళికలు (ఘడియలు), గడిచేలోపు జరిగితే ఆ రోజే నెల మొదటి తేదీ. ఆ తరువాత జరిగితే మరునాడు. తమిళనాడులో సూర్యాస్తమయం వరకు అదే రోజుగా తీసుకుంటారు. 2023లో మేష సంక్రమణం ఏప్రిల్ 14 మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో జరిగింది. తమిళుల సంవత్సరాది ఆ రోజే అయిపోయింది, కేరళలో విషు 15న వచ్చింది. 2022లో సంక్రమణం 14వ తేదీ ఉదయం సూర్యుడు ఉదయించాక జరిగింది. అప్పుడు మేడం 1 ఆ రోజే అయినా, తెల్లవారుజామున లేచి చూడవలసిన విషుక్కణి మాత్రం మరునాటికి, మేడం 2కు, వెళ్లింది. కణి అంటే సంక్రమణం తరువాత మొదటి తెల్లవారుజామున కళ్లు తెరవగానే చూసేది కనుక అది న్యాయమే.

ఇక క్యాలెండరు గడి. అందులో పెద్ద అంకె ఇంగ్లీషు తేదీ, చిన్నది మలయాళ తేదీ. నక్షత్రం పేరు పక్కన రెండు అంకెలు ఉంటే అవి సూర్యోదయం నుంచి ఆ నక్షత్రం ఎన్ని నాళికలు, ఎన్ని వినాళికల వరకు ఉంటుందో చెబుతాయి. నాళిక అంటే మన ఘడియే, ఇరవై నాలుగు నిమిషాలు. ఉదాహరణకు 20-15 అని ఉందనుకోండి: ఇరవై నాళికలు ఎనిమిది గంటలు, పదిహేను వినాళికలు ఆరు నిమిషాలు. సూర్యోదయం 6.15కు అయితే ఆ నక్షత్రం మధ్యాహ్నం 2.21 వరకు ఉంటుంది, తరువాత వచ్చేది మరునాటి గడిలో రాసి ఉన్న నక్షత్రం. తిథి అంకెలనూ ఇలాగే చదవాలి. ఈ లెక్క చేతికి వస్తే వ్రతం ఏ రోజో ఒకరిని అడగవలసిన అవసరం చాలా వరకు తగ్గుతుంది.

పాలక్కాడ్ అక్క (జవాబు):

అమ్మాయీ, తిరువాతిర గురించి నేను చెబుతాను. నేనూ తెలుగింటి ఆడపడుచునే, కాపురానికి పాలక్కాడు వచ్చి తల నెరిసింది. పెళ్లయిన మొదటి ఏడు వచ్చేదాన్ని పూత్తిరువాతిర అంటారు. ఆ ఇంటి ఆడవాళ్లకు, చుట్టుపక్కల వాళ్లకు అది నిజంగా పెద్ద వేడుక, అందులో ముందు నడిచేది కొత్త కోడలే. మీ వాళ్లు ఇప్పటి నుంచే ఆ మాట అనుకుంటున్నారంటే మిమ్మల్ని ఎంత ప్రేమగా చూసుకుంటున్నారో అర్థమవుతోంది.

తిరువాతిర అంటే మన ఆరుద్ర, పరమశివుని జన్మనక్షత్రం. ధనుమాసంలో పౌర్ణమి దగ్గరలో వస్తుంది. పార్వతి శివుణ్ణి పొందడానికి చేసిన తపస్సును తలచుకుంటూ పెళ్లయినవాళ్లు భర్త క్షేమం కోసం, పెళ్లికానివాళ్లు మంచి వరుడి కోసం ఈ నోము పడతారు. ముందు రోజు మకయిరం, అంటే మృగశిర. ఆ రోజు నోము పిల్లల మేలు కోసమని చెబుతారు. ఆ సాయంత్రం ఎట్టంగాడి తయారు చేస్తారు. పెండలం, చేమ, కంద, చిలగడదుంప, కూర్క వంటి దుంపలను, నేంద్రం కాయను నిప్పుల మీద కాల్చి, పొట్టు ఒలిచి, ముక్కలు చేసి, కాచిన బెల్లం పాకంలో వేసి, కొబ్బరి ముక్కలు, చెరకు ముక్కలు, వేయించిన నువ్వులు, తేనె కలుపుతారు. దుంప నిప్పుల మీద మాడినట్టు పైకి కనిపించాలి, లోపల మెత్తగా ఉండాలి, ఉడకబెట్టి వేస్తే ఆ రుచి రాదు. దాన్ని ముందు గణపతికి, శివపార్వతులకు నివేదించి, ఆ తరువాత అందరూ తింటారు.

తిరువాతిర నాడు అన్నం ముట్టరు. బియ్యంతో చేసిన ఏ పదార్థమూ పనికిరాదు. కూవప్పొడి, అంటే పాలగుండ, బెల్లంతో కాచిన పాయసం, దుంపలూ అలసందలూ కలిపి చేసిన పుళుక్కు, గోధుమ గంజి, అరటిపండు, కొబ్బరిబోండం తీసుకోవచ్చు. మన ఏకాదశి ఉపవాసంలా కటికగా ఉండవలసిన పని లేదు, కనుక ఆరోగ్యం గురించి భయపడకండి. తెల్లవారకముందే చెరువులోనో ఏటిలోనో దిగి, నీటిని చేతులతో తాళానికి కొడుతూ పాటలు పాడుతూ స్నానం చేస్తారు. ఇప్పుడు చాలా ఇళ్లలో బావి దగ్గరో స్నానాల గదిలోనో కానిచ్చేస్తున్నారు, అందులో దోషం లేదు. రాత్రి వెలిగించిన నిలువిళక్కు (నిలువు దీపపు సెమ్మె) చుట్టూ తిరువాతిరక్కళి ఆడతారు. ఆ పాటలకు అడుగు ఎలా వేయాలో ఇప్పటి నుంచే మీ ఆడపడుచుల దగ్గర నేర్చుకోండి, చప్పట్లు, అడుగులు కలిస్తే తక్కినది దానంతటదే వస్తుంది.

అర్ధరాత్రి వేళ పాతిరాపూ. ముందే ఒకచోట పెట్టి ఉంచిన కొడువేలి పువ్వును, అంటే చిత్రమూలం పువ్వును, దీపంతో, అష్టమంగల్యంతో (ఎనిమిది మంగళద్రవ్యాలతో) పాడుకుంటూ వెళ్లి తెచ్చుకుని తలలో పెట్టుకుంటారు. దశపుష్పాలని పిలిచే పది రకాల మూలికలను కూడా ధరిస్తారు. గరిక అందులో ఒకటి. తాంబూలం వేసుకోవడం ఈ రాత్రికి ప్రత్యేకం, నూట ఎనిమిది తమలపాకులని ఆచారం చెబుతుంది గాని అది రాత్రంతా అందరూ పంచుకుంటూ సాగుతుంది. మరునాడు పుణర్తం, అంటే పునర్వసు, వచ్చాక వ్రతం ముగుస్తుంది.

రోజు విషయంలో ఒక జాగ్రత్త చెబుతాను. ఈ వ్రతానికి రాత్రి నక్షత్రం ముఖ్యం. నక్షత్రం సాయంత్రం మొదలై మరునాటి పగటితో ముగిసిపోతే, క్యాలెండరులో తిరువాతిర అని అచ్చయిన తేదీకి ముందు రాత్రే జాగరణ పడుతుంది. అంకెలు చదవడం పైన వారు చక్కగా చెప్పారు కదా, దాన్ని బట్టి చూసుకుని, మీ అత్తగారితో ఒక మాట అనుకోండి.

త్రిస్సూర్ కోడలు:

ఇద్దరికీ ఎన్ని నమస్కారాలు చెప్పినా తక్కువే. అక్కా, మీరు రాసింది మా ఆడపడుచుకు చదివి వినిపించాను, ఎట్టంగాడి దగ్గర ఆమె ముఖం వెలిగిపోయింది. మరో రెండు సందేహాలు. గురువాయూర్ ఏకాదశికి ఇంటిల్లిపాదీ ఉపవాసం ఉంటారట, ముందు రోజు "ఒరిక్కల్" ఉండాలన్నారు. ఏకాదశి నాడు మా ఇంట్లో గోధుమలతో వంట చేస్తారని విని ఆశ్చర్యపోయాను, మా పుట్టింట్లో ఆ రోజు ఏ ధాన్యమూ తినరు. రెండవది, మా తమ్ముడు ప్రతి సంవత్సరం కార్తికమాసంలో అయ్యప్ప మాల వేసుకుంటాడు. ఇక్కడివారు వృశ్చికం ఒకటినే వేసుకోవాలంటున్నారు. ఏది సరైనది?

తులసీవనం (జవాబు):

మా నాన్నగారి ఉద్యోగరీత్యా నా బాల్యమంతా గురువాయూరు పరిసరాల్లో గడిచింది కనుక ఏకాదశి గురించి నేను చెప్పగలను. ఒరిక్కల్ అంటే ఒంటిపూట, రోజంతటిలో ఒక్కసారే అన్నం తినడం. దశమి నాడు ఒంటిపూట, ఏకాదశి నాడు ఉపవాసం, ద్వాదశి నాడు పారణ చేసి మళ్లీ ఒంటిపూట. కర్కిడక అమావాస్యకు పితృబలి ఇచ్చేవారు కూడా ముందు రోజు ఒరిక్కల్ ఉంటారు.

ఏకాదశికి కేరళలో ప్రధానంగా విడిచేది బియ్యం. నిర్జలంగా ఉండేవారు, పండ్లూ పాలతో ఉండేవారు, గోధుమతో ఒక పూట గడిపేవారు అందరూ ఉన్నారు. గురువాయూరు ఆలయంలోనే ఏకాదశి నాడు భక్తులకు పెట్టే ప్రసాద భోజనంలో గోధుమ అన్నం, పుళుక్కు, కాళన్ (పెరుగుతో చేసే కూర), గోధుమ పాయసం వడ్డిస్తారు. కనుక మీ అత్తవారి పద్ధతిలో లోపమేమీ లేదు. మీరు పుట్టింటి నియమం ప్రకారం ధాన్యం మానేస్తే అదీ శ్రేష్ఠమే.

ఆహారం కంటే ఇక్కడివారు ఎక్కువ పట్టించుకునేది హరివాసరం. ఏకాదశి తిథిలో చివరి పాదం, ద్వాదశిలో మొదటి పాదం కలిసిన ఆ సమయంలో నిద్రపోకుండా, ఏమీ తినకుండా నామజపం చేస్తారు. నా దృష్టిలో వ్రతానికి ప్రాణం ఆ గంటలే. అది ముగిశాకే తులసి వేసిన తీర్థం పుచ్చుకుని పారణ చేస్తారు. క్యాలెండరులో హరివాసర సమయం అచ్చు వేసి ఉంటుంది, చూడండి.

గురువాయూర్ ఏకాదశి వృశ్చికంలోని శుక్ల ఏకాదశి, 2025లో డిసెంబరు 1న. మన కార్తిక శుక్ల ఏకాదశి నవంబరు మొదట్లోనే వచ్చింది, అప్పటికి వృశ్చికం రాలేదు. ఏకాదశికి ముందు రోజుల్లో చెంబై సంగీతోత్సవం జరుగుతుంది. మీకు సంగీతం ఇష్టమైతే దశమి నాడు విద్వాంసులందరూ కలిసి పాడే పంచరత్న కీర్తనలు వినండి. త్యాగరాజస్వామి తెలుగు అంతమంది గొంతుల్లో ఆ సన్నిధిలో వినబడుతుంటే కలిగే ఆనందం వేరు.

మండల దీక్ష (జవాబు):

అమ్మా, మీ తమ్ముడి సందేహానికి నా అనుభవం మేరకు సమాధానం రాస్తున్నాను. శబరిమలలో మండల కాలం వృశ్చికం 1న మొదలై నలభై ఒకటవ రోజున మండల పూజతో ముగుస్తుంది. వృశ్చికం ముప్పై రోజులు ఉంటే ఆ పూజ ధను 11న పడుతుంది. 2024లో నవంబరు 16 నుంచి డిసెంబరు 26 వరకు, 2025లో నవంబరు 17 నుంచి డిసెంబరు 27 వరకు. ఆ తరువాత కొద్ది రోజులు నడ (ఆలయ ద్వారం) మూసి, మకరజ్యోతి కోసం మళ్లీ తెరుస్తారు, అది మకర సంక్రాంతి నాడు. ఇవన్నీ ఆలయానికి సంబంధించిన తేదీలు.

భక్తుడి వ్రతం మాత్రం మాల వేసుకున్న రోజు నుంచి లెక్క. కేరళలో వృశ్చికం ఒకటిన వేసుకుంటే వ్రతమూ మండలమూ ఒకేసారి పూర్తవుతాయి కనుక ఆ రోజుకు అంత ప్రాధాన్యం. మన వైపు కార్తికం శివకేశవులకు ప్రీతికరమైన మాసం కావడం వల్ల అందులో దీక్ష పట్టడం ఆచారమయింది. మీ తమ్ముడు కార్తికంలోనే వేసుకోవచ్చు. ఇరుముడి కట్టేనాటికి నలభై ఒక్క రోజుల నియమం నిండిందా లేదా అన్నది ఒక్కటే చూసుకోవాలి. బ్రహ్మచర్యం, శాకాహారం, రెండు పూటలా స్నానం, శరణుఘోష అనే నియమాలు ఏ నెలలో వేసుకున్నా అవే. మండలం కుదరనివారు ప్రతి మలయాళ మాసం మొదటి ఐదు రోజులు నడ తెరిచి ఉన్నప్పుడు కూడా వ్రతం పూర్తిచేసుకుని దర్శనానికి వెళతారు.

పంచాంగ పాఠకుడు:

తులసీవనం గారు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. కొన్ని నెలల్లో ఏకాదశి రెండు రోజుల్లో పరుచుకుని, దశమి స్పర్శ ఉన్నది ఒకటి, ద్వాదశి స్పర్శ ఉన్నది ఒకటిగా వస్తుంది. మొదటిదాన్ని భూరిపక్షం, రెండవదాన్ని ఆనందపక్షం అంటారు. మన స్మార్త, వైష్ణవ ఏకాదశుల వంటి భేదమే ఇది. మీ అత్తవారింట్లో ఏది పాటిస్తారో అడిగి అదే చేయండి. మార్చి మార్చి చేయకండి.

మీరు అడగకపోయినా మీ మనసులో ఉండే ప్రశ్న ఒకటి ఉంది. ఇకపై ఏ పంచాంగం ప్రకారం ఉండాలి? ఇంటిల్లిపాదీ కలిసి చేసే ఓణం, తిరువాతిర, అష్టమిరోహిణి, నవరాత్రి పూజవెప్పు (పుస్తకాలను పూజలో పెట్టడం) ఇక్కడి లెక్క ప్రకారం చేయడమే ఉచితం, దేవాలయంలో ఆ రోజు జరిగే పూజతో మీ వ్రతం కలుస్తుంది. మీ అమ్మగారు నేర్పిన కార్తిక సోమవారాలు, శ్రావణ బహుళ అష్టమి ఉపవాసం మీ సొంత నియమాలుగా నిలుపుకోండి. శివరాత్రికి మాత్రం ఈ ఆలోచన అక్కరలేదు. మనకు మాఘ బహుళ చతుర్దశి, వారికి కుంభమాసంలోని కృష్ణ చతుర్దశి, సాధారణంగా రెండూ ఒకే రాత్రి. వీలైతే ఆ రాత్రి ఆలువా మణప్పురానికి వెళ్లి పెరియార్ ఒడ్డున జాగరణ చేయండి. తెల్లవారాక అక్కడ వేలమంది పితృదేవతలకు బలి సమర్పిస్తారు. వెళ్లేటప్పుడు ముందు రోజే బయలుదేరండి, ఆ సాయంత్రం ఆలువా దారులన్నీ నిండిపోతాయి.